ఓడ టిక్కెట్టు వెనక ఏముంది?

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నారు మన పెద్దలు. ఆ సామెతలో మాట మార్చేవాడు ప్రయాణికుడు, నష్టపోయేవాడు పడవవాడు. ఈనాటి విహారనౌకల వ్యాపారంలో పాత్రలు తారుమారయ్యాయి. డబ్బు కట్టేదాకా ప్రయాణికుడే మల్లయ్యగారు. ఆయనకు రంగురంగుల బొమ్మల పుస్తకాలు, ఫోను మీద ఫోను. డబ్బు కట్టాక ఏదో తేడా వచ్చి, "మా సొమ్ము మాకు ఇప్పించండి" అని అడిగితే మాత్రం, "టిక్కెట్టు షరతులు చూసుకోండి" అన్న జవాబు వస్తుంది. ఆ షరతులేమిటి, వాటిలో న్యాయమెంత, ఎక్కడ మనం గట్టిగా అడగవచ్చు, ఎక్కడ మనమే సర్దుకోవాలి అన్నది వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

విహారనౌకలతో మనకేం పని అని కొందరు విద్యార్థి మిత్రులు అడగవచ్చు. 2022 జూన్‌లో చెన్నై నుంచి బయలుదేరిన ఒక విహారనౌక విశాఖపట్నం వచ్చింది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. అమెరికాలో స్థిరపడిన మన పూర్వ విద్యార్థులు తల్లిదండ్రులను పిలిపించుకుని, మయామీలోనో గాల్వెస్టన్‌లోనో ఓడ ఎక్కించడం ఇప్పుడు మామూలు విషయం. అంతకన్నా ముఖ్యమైన కారణం ఇంకొకటుంది. ఒక పక్షంవారే రాసి, రెండో పక్షంవారు చదవకుండా ఒప్పుకునే ఒప్పందాలు మన జీవితం నిండా ఉన్నాయి. విమానం టిక్కెట్టు, బీమా పాలసీ, కోచింగు సెంటరు ఫీజు రసీదు, అన్నీ ఆ కోవలోవే. ఆ ఒప్పందాల మంచిచెడ్డలు తేటగా తేల్చిన కేసులు కొన్ని ఓడ ప్రయాణాల మీదే వచ్చాయి. కాంట్రాక్టు చట్టం పాఠం చెప్పేటప్పుడు నేను వాటిని తరచు ఉదాహరిస్తుంటాను.

మూడు రకాల ఫిర్యాదులు

విహారనౌక అంటే హోటలూ, ఊరూ కలిసి నీటిమీద తేలడం. 2024 జనవరిలో ప్రయాణాలు మొదలుపెట్టిన 'ఐకాన్ ఆఫ్ ది సీస్' నిండితే 7,600 మంది ప్రయాణికులు పడతారు. సిబ్బంది మరో 2,350 మంది. మన మండల కేంద్రాలు కొన్నిటికి ఇంత జనాభా ఉండదు. ఓడ అమెరికాలో బయలుదేరినా దానిమీద ఎగిరే జెండా బహామాస్‌దో పనామాదో మాల్టాదో అయి ఉంటుంది. నడిసముద్రంలో ఓడకు వర్తించేది ముందుగా ఆ జెండా దేశపు చట్టమే.

ఇంతమంది ఒక్కచోట వారం రోజులు ఉంటే ఫిర్యాదులు రాకుండా ఉండవు. కాని నేను గమనించినంతవరకు అవన్నీ మూడు రకాలే. మొదటిది సముద్రం మీద ఫిర్యాదు. రెండోది కంపెనీ మీద. మూడోది తోటి ప్రయాణికుడి మీద. ఈ మూడింటికీ మందులు వేరు. చాలామంది మూడింటినీ కలగలిపి ఒక్కటే కాగితం రాస్తారు. గాలి వీచినందుకూ, కాఫీ చల్లారినందుకూ, పక్క కేబినులో పిల్లవాడు ఏడ్చినందుకూ, గదిలోకి నీళ్ళు కారినందుకూ కలిపి డబ్బు వాపసు అడుగుతారు. దాంతో న్యాయంగా రావలసిన ఆ చివరిదానికి కూడా రాకుండా పోతుంది.

సముద్రం మీద ఫిర్యాదు

తుపాను వచ్చిందనో, రేవులో అలలు ఎక్కువగా ఉన్నాయనో కెప్టెను ఒక రేవును వదిలేసి ముందుకు పోతాడు. ఆ ఊరు చూద్దామనే బయలుదేరిన కుటుంబానికి అది పెద్ద ఆశాభంగమే. కాని దాదాపు ప్రతి కంపెనీ ఒప్పందంలోనూ దారి మార్చే హక్కు కెప్టెనుకు ఉంటుంది. సాధారణంగా వాపసు వచ్చేది ఆ రేవుకు కట్టవలసిన రుసుము, కంపెనీ ద్వారా కొన్న ఆ ఊరి యాత్ర టిక్కెట్టు సొమ్ము మాత్రమే.

అదేం న్యాయం అనిపిస్తుంది. ఒక్క క్షణం ఆలోచిస్తే న్యాయమేనని తేలుతుంది. రేవు వదిలేస్తే ఇన్ని లక్షలు వాపసు ఇవ్వాలన్న లెక్క కెప్టెను బుర్రలో ఉండకూడదు. 2012 జనవరి 13 రాత్రి ఇటలీలోని గీల్యో దీవికి దగ్గరగా, ఊరివాళ్ళకు వందనం చేసినట్టుగా, కోస్తా కాంకార్డియా ఓడను తీసుకువెళ్ళారు. ఓడ రాతికి కొట్టుకుని పక్కకు ఒరిగింది. 32 మంది చనిపోయారు. కెప్టెనుకు 2015లో 16 సంవత్సరాల శిక్ష పడింది. ముచ్చటకోసం ఒడ్డుకు దగ్గరగా వెళ్ళే కెప్టెనుకన్నా, భయపడి రేవు వదిలేసే కెప్టెను వెయ్యి రెట్లు నయం.

అయితే సముద్రం పేరు చెప్పి కంపెనీ తన తప్పును దాచుకోవడం వేరు సంగతి. గాలివల్ల ఆగిందా, యంత్రంవల్ల ఆగిందా అన్నది మనం అడగవలసిన మొదటి ప్రశ్న. 2013 ఫిబ్రవరిలో కార్నివాల్ ట్రయంఫ్ అనే ఓడ ఇంజను గదిలో నిప్పంటుకుంది. మెక్సికో అఖాతంలో 4,000 మందికి పైగా జనంతో, కరెంటు లేక, మరుగుదొడ్లు పనిచేయక ఓడ రోజుల తరబడి తేలింది. చివరికి దాన్ని లాక్కుని మొబీల్ రేవుకు చేర్చారు. ఆ అల్లరి తరవాత, అదే ఏడు మే నెలలో ఓడ కంపెనీల అంతర్జాతీయ సంఘం ప్రయాణికుల హక్కుల పత్రం ప్రకటించింది. యంత్రం చెడి ప్రయాణం రద్దయితే పూర్తి సొమ్ము, మధ్యలో ఆగిపోతే కొంత సొమ్ము వాపసు ఇస్తామన్నది అందులోని ఒక హామీ. ఓడ రేవులో ఉండగా తిండి, నీళ్ళు, మరుగుదొడ్డి, వైద్యం సరిగా అందకపోతే దిగిపోయే హక్కును కూడా అందులో చేర్చారు. అంత ఘోరం జరిగేదాకా ఆ మాట కాగితంమీద పెట్టాలని ఎవరికీ తోచలేదు.

కంపెనీ మీద ఫిర్యాదు

ఇందులో మళ్ళీ నాలుగు సందర్భాలున్నాయి.

మనం మానుకుంటే: షరతులు మెట్లు మెట్లుగా ఉంటాయి. బయలుదేరే తేదీకి చాలా నెలల ముందయితే అడ్వాన్సు మాత్రం పోతుంది, ఒక్కోసారి అదీ రావచ్చు. రోజులు దగ్గరపడేకొద్దీ సగం, ముప్పాతిక, చివరికి మొత్తం పోతుంది. మెట్ల ఎత్తు కంపెనీని బట్టి మారుతుంది. ఇంట్లో జబ్బు, వీసా రాకపోవడం, విమానం ఆలస్యం కావడం, ఇవేవీ కంపెనీకి కారణాలు కావు. వాటికి బీమా ఒక్కటే దారి. ఖాళీగా బయలుదేరిన గదిని మర్నాడు అమ్ముకోలేం కదా అన్నది కంపెనీల వాదన. నిజమే. కాని మనం వదిలిన గదిని వేరొకరికి అమ్ముకుంటే ఒకే గదికి రెండు అద్దెలు వచ్చినట్టే. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో రాసుకున్న జరిమానా ఎంతయినా, ఇప్పించేది సమంజసమైన పరిహారమే, అదీ రాసుకున్న మొత్తానికి మించకుండా. ఈ సెక్షను విద్యార్థులు పరీక్షకోసం చదివి మరిచిపోతారు. మరిచిపోకూడని సెక్షను అది.

కంపెనీ మానేస్తే: అమెరికా రేవుల్లో ప్రయాణికులను ఎక్కించుకునే ఓడల్లో 50 పడకలు, అంతకు మించి ఉన్నవి ప్రయాణికుల సొమ్ముకు పూచీ చూపాలని 1966లోనే అక్కడ చట్టం వచ్చింది. అయినా 2020 మార్చిలో కోవిడ్ వల్ల ఓడలు ఆగిపోయినప్పుడు జనం నెలల తరబడి సొమ్ముకోసం ఎదురు చూడవలసి వచ్చింది. ఆ అనుభవంతో 2022లో అక్కడి ఫెడరల్ మారిటైమ్ కమిషన్ నిబంధన స్పష్టం చేసింది. ప్రయాణం రద్దయినా, ఎక్కించుకోవడం 3 రోజులు, అంతకు మించి ఆలస్యమైనా, ప్రయాణికుడు వద్దనుకుంటే సొమ్ము తిరిగి రావాలి. ఆ రోజుల్లో చాలా కంపెనీలు నగదు అడిగితే నూటికి నూరు, తరవాతి ప్రయాణానికి జమ వేసుకుంటే నూటికి నూట పాతిక అని ఆశ చూపాయి. ఆ జమ కాగితం ఏమిటి? కష్టాల్లో ఉన్న కంపెనీకి మనం వడ్డీ లేకుండా ఇచ్చిన అప్పు. ఇష్టమైతే ఇవ్వవచ్చు. కాని అది అప్పని తెలిసి ఇవ్వాలి.

ప్రయాణం పాడైతే: అన్నిటికన్నా ఆసక్తికరమైన భాగం ఇదే. పాడైపోయిన సరదాకు విలువ కట్టడం ఎలా? ఒప్పందం తప్పినందుకు మనసు కష్టపెట్టుకుంటే దానికి డబ్బు రాదన్నది పాత సూత్రం. 1972లో ఇంగ్లండులో ఒక కేసు ఆ సూత్రాన్ని సడలించింది. ఒక ఉద్యోగి పండుగ రోజుల్లో స్విట్జర్లాండు యాత్రకు 63 పౌన్ల 45 పెన్నీలు కట్టాడు. నలుగురూ కలిసి ఆనందించే విందు బృందం ఉంటుందని కంపెనీ ప్రకటించింది. రెండో వారం వచ్చేసరికి ఆ బృందంలో ఆయన ఒక్కడే మిగిలాడు! అప్పీలు కోర్టు ఆయన కట్టినదానికి దాదాపు రెట్టింపు, 125 పౌన్లు ఇప్పించింది. ఆనందమే అమ్మిన సరుకైనప్పుడు, ఆనందం లేకపోతే సరుకు ఇవ్వనట్టేనని ఆ తీర్పు సారాంశం.

ఓడల విషయంలో దీనికి సరిహద్దులు గీసింది ఆస్ట్రేలియా హైకోర్టు. మిఖయిల్ లెర్మొంతొవ్ అనే సోవియట్ ఓడ 14 రోజుల విహారానికి సిడ్నీ నుంచి బయలుదేరి, 1986 ఫిబ్రవరి 16న న్యూజీలాండు తీరంలో మునిగింది. ఒక ప్రయాణికురాలు 2,205 డాలర్లు కట్టారు. మిగిలిపోయిన రోజులకు గాను కంపెనీ 787 డాలర్ల 50 సెంట్లు వాపసు చేసింది. మొత్తం టిక్కెట్టు సొమ్ము ఇప్పించాలని ఆమె దావా. 1993లో హైకోర్టు రెండు ముక్కలుగా తీర్పు చెప్పింది. ఎనిమిది రోజులు విహరించారు గనుక ఆ రోజుల సొమ్ము వాపసు రాదు. కాని విశ్రాంతికీ వినోదానికీ చేసుకున్న ఒప్పందం ఇలా ముగిసినందుకు కలిగిన ఆశాభంగానికీ, మనస్తాపానికీ పరిహారం వస్తుంది. రిఫండు వేరు, పరిహారం వేరు అన్న తేడా ఇంతకన్నా చక్కగా చెప్పే కేసు నాకు కనబడలేదు. మన ఫిర్యాదు కాగితాల్లో నూటికి తొంభై పాళ్ళు ఈ రెండింటినీ కలిపేస్తాయి.

పరిహారం కోట్లలో ఉంటుందన్న భ్రమ కూడా వద్దు. 2008లో క్వీన్ విక్టోరియా అనే ఓడ తొలి ప్రపంచయాత్రలో ఒక దంపతుల కేబిను నేల రేకులు కిర్రు కిర్రుమని మోగి నిద్ర పట్టనివ్వలేదు. 106 రాత్రుల యాత్రకు 59,000 పౌన్లు కట్టినవాళ్ళు హోనలూలూలో దిగిపోయారు. కంపెనీ మిగిలిన భాగానికి 48,270 పౌన్లు వాపసు ఇచ్చింది. ఆపైన కింది కోర్టు 22,000 పౌన్లు ఇప్పిస్తే, 2010లో అప్పీలు కోర్టు దాన్ని 12,000కు తగ్గించింది. నిద్రపట్టని రాత్రులకూ ఒక హద్దు ఉందన్నమాట.

ఎక్కడ దావా వేయాలి: అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన దంపతులు ఊళ్ళోని ఏజెంటు దగ్గర టిక్కెట్లు కొన్నారు. లాస్ ఏంజెలస్‌లో ఓడ ఎక్కారు. వంటశాల చూపిస్తుండగా భార్య చాప మీద జారి పడి గాయపడ్డారు. దావా మా రాష్ట్రంలో వేసుకుంటామన్నారు. టిక్కెట్టు మీది షరతుల్లో, ఏ తగాదా అయినా ఫ్లోరిడా కోర్టుల్లోనే అని ఉంది. అంటే దేశం ఆ చివర ఇల్లు, ఈ చివర కోర్టు. 1991లో అమెరికా సుప్రీంకోర్టు ఆ షరతు చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఇద్దరు న్యాయమూర్తులు ఒప్పుకోలేదు. అందులో స్టీవెన్స్, ఎంతో శ్రద్ధగా వెతికేవాడికి తప్ప అలాంటి షరతు కనబడదని చెబుతూ, ఆ టిక్కెట్టు నకలును తన తీర్పుకు జతపరిచారు.

మన దేశంలో గాలి వేరే వైపు వీచింది. ఒక ఫ్లాటు కొనుగోలుదారు కేసులో, కొనేవాడికి సంతకం పెట్టడం తప్ప గత్యంతరం లేని ఏకపక్ష షరతులు అతన్ని కట్టిపడేయలేవని 2019 ఏప్రిల్‌లో మన సుప్రీంకోర్టు చెప్పింది. 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయపు ఒప్పందం అంటే ఏమిటో నిర్వచించింది. అలాంటి షరతు చెల్లదని ప్రకటించే అధికారం రాష్ట్ర కమిషన్‌కు ఇచ్చింది. ఫిర్యాదుదారు తాను నివసించే ఊళ్ళోనే, తాను పనిచేసే ఊళ్ళోనే ఫిర్యాదు వేయవచ్చు. రెండేళ్ళ గడువుంది. కంపెనీకో దాని ఏజెంటుకో ఇక్కడ ఆఫీసుంటే ఇది గొప్ప ఆయుధం. ఇక్కడ ఎవరూ లేని విదేశీ కంపెనీ మీద తీర్పు వచ్చినా వసూలు చేయడం కష్టం. అందుకే టిక్కెట్టు ఎవరి దగ్గర కొంటున్నాం, రసీదు ఎవరి పేర ఉంది అన్నది ధరకన్నా ముందు చూసుకోవాలి.

తోటి ప్రయాణికుడి మీద ఫిర్యాదు

ఈ మూడో రకానికి రిఫండు లేదు. కోర్టు కూడా లేదు. ఉన్నది మర్యాద ఒక్కటే. పొద్దున్నే లేచి ఈతకొలను పక్కన నాలుగు పడక కుర్చీల మీద నాలుగు తువ్వాళ్ళు పరిచి, మధ్యాహ్నందాకా టిఫినుకీ స్నానానికీ పోవడం ఓడల్లో ఎక్కువ తగవులు తెచ్చే అలవాటు. రైల్లో చేతిరుమాలు వేసి సీటు పట్టుకున్న మనకు ఇది కొత్త కాదు! నడవాలో రాత్రి పన్నెండింటికి పెద్దగా కబుర్లు, లిఫ్టులో దిగేవాళ్ళను దిగనివ్వకుండా తోసుకు ఎక్కడం, ఇంటికి వీడియో ఫోను చేసి లోకమంతా వినేలా మాట్లాడటం, వడ్డన బల్ల దగ్గర పళ్ళెం నిండా తెచ్చుకుని సగం వదిలేయడం, ఇవన్నీ ఆ కోవలోవే.

వీటిలో కొన్ని చూడటానికి మర్యాదలే గాని నిజానికి ప్రాణరక్షణ సూత్రాలు. వడ్డన బల్ల దగ్గరికి పోయేముందు సబ్బుతో చేతులు కడుక్కోమంటారు. నోరోవైరస్ అనే వాంతుల జబ్బు ఒక్క గరిటె పిడి మీదుగా వందమందికి అంటగలదు. బాల్కనీలో సిగరెట్టు వద్దంటారు. 2006 మార్చిలో స్టార్ ప్రిన్సెస్ ఓడ బాల్కనీల వెంట మంటలు పాకి ఒకరు చనిపోయారు. ఆర్పకుండా పారేసిన సిగరెట్టే కారణమై ఉంటుందని విచారణలో తేలింది. మనవాళ్ళు ముచ్చటపడి తీసుకుపోయే ఇస్త్రీపెట్టె, కరెంటు కెటిలు ఓడ ఎక్కేచోట తీసి పక్కన పెట్టేది కూడా నిప్పు భయంవల్లనే.

లైఫ్ జాకెట్టు డ్రిల్లు సంగతి మరీ ముఖ్యం. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినబడితే ఎక్కడ చేరాలో ప్రతివాడికీ తెలిసి ఉండాలి. కోస్తా కాంకార్డియా మునిగిన సాయంత్రం ఎక్కినవాళ్ళకు ఆ డ్రిల్లు ఇంకా జరగనేలేదు. అప్పటి నియమం 24 గంటల వ్యవధి ఇచ్చింది. 2015 జనవరి 1 నుంచి బయలుదేరేముందే, లేదా బయలుదేరిన వెంటనే జరపాలని మార్చారు. డ్రిల్లు జరుగుతుండగా కేబినులో పడుకునేవాడు తన ఒక్కడి ప్రాణంతోనే కాదు, తనను వెతకడానికి వచ్చే కుర్రవాడి ప్రాణంతో కూడా ఆడుకుంటున్నాడు.

ఆ కుర్రవాళ్ళ గురించి కూడా ఒక మాట. పక్క సర్దేవాడు, వడ్డించేవాడు నెలల తరబడి ఇల్లు వదిలి వచ్చినవాళ్ళు. వాళ్ళలో మన దేశంవాళ్ళు చాలామంది. రేవు వదిలేసింది వాళ్ళు కాదు, రిఫండు షరతులు రాసిందీ వాళ్ళు కాదు. కంపెనీ మీది కోపం వాళ్ళమీద చూపించి, దిగేటప్పుడు అభిప్రాయ పత్రంలో తక్కువ మార్కులు వేసి రావడం పౌరుషం కాదు. "ఏయ్ బాబూ" అనే బదులు పేరు చదివి పిలిస్తే మన గౌరవమేమీ తగ్గదు.

ఫిర్యాదు చేసే పద్ధతి

కంపెనీ తప్పు నిజంగా ఉంటే మెత్తబడనక్కరలేదు. ఏ రోజు తప్పు ఆ రోజే, ఓడలో ఉండగానే, పర్సరు ఆఫీసులో కాగితం మీద రాసి ఇవ్వాలి. ఫోటో తీసుకోవాలి, నకలు ఉంచుకోవాలి. ఇల్లు చేరాక రాసే పది పేజీల ఉత్తరంకన్నా ఆనాటి నాలుగు వాక్యాలకు విలువెక్కువ. గడువులు కూడా తెలిసి ఉండాలి. యూరపు రేవుల్లో 2012 డిసెంబరు నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం రెండు నెలల్లో కంపెనీకి ఫిర్యాదు చేయాలి. కంపెనీ మరో రెండు నెలల్లో తుది జవాబు ఇవ్వాలి. అమెరికాలో శరీర గాయాలకు ఆరు నెలల్లో నోటీసు, ఏడాదిలో దావా అన్నది కంపెనీలు పెట్టుకోగలిగిన కనీసపు గడువు, సాధారణంగా వాళ్ళు పెట్టేదీ అదే. మన రెండేళ్ళ గడువు ఉంది కదా అని అక్కడి గాయానికి ఇక్కడ కూర్చుంటే కేసు చేజారిపోతుంది.

రిటైరైన ఒక మాస్టారు ప్రావిడెంటు ఫండులోంచి తీసి కట్టిన సొమ్మయినా, పిల్లలు విదేశంలో కష్టపడి పంపిన సొమ్మయినా, అది ఎవరిదో ఒకరి ఏళ్ళ చెమట. దాన్ని కాపాడేది లాయరుకన్నా ముందు, డబ్బు కట్టేముందు షరతులు చదివే అరగంట. మనం మానుకుంటే ఎంత పోతుంది, వాళ్ళు మానుకుంటే ఎంత వస్తుంది, నగదుగానా జమగానా, తగాదా వస్తే ఏ ఊరి కోర్టు, ఎన్నాళ్ళ గడువు — ఈ అయిదు ప్రశ్నలకు జవాబు దొరకకపోతే ఏజెంటు చేత రాయించుకోవాలి. ఓడ ఎక్కే యోగం ఎప్పుడో వచ్చేదాకా ఆగనక్కరలేదు. ఈ సంవత్సరం మనం ఎక్కడెక్కడో కట్టిన ఫీజుల రసీదులు పెట్టెల్లోనే ఉన్నాయి. ఒకసారి తీసి, వెనకవైపు తిప్పి చదవవలసిందిగా విద్యార్థి మిత్రులకు నా మనవి.